సైక్లోక్రాస్ సైకిల్‌కి రిమ్ బ్రేకులు: ఏవి కొనాలి, ఎలా బిగించాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

అందరూ డిస్కు బ్రేకులకు మారిపోయారు కదా, ఇంకా రిమ్ బ్రేకుల గొడవ ఎందుకు?

పాత సైకిళ్లు ఇంకా తిరుగుతున్నాయి కాబట్టి. రిమ్ బ్రేకంటే చక్రం అంచును, అంటే రిమ్మును, రెండు రబ్బర్లతో నొక్కి ఆపేది. డిస్కు బ్రేకు చక్రం మధ్యలో ఉన్న బిళ్లను నొక్కి ఆపుతుంది. సైక్లోక్రాస్ అంటే బెల్జియం, నెదర్లాండ్స్ దేశాల్లో చలికాలమంతా సాగే పందెం. గడ్డి, బురద, ఇసుక, మెట్లు అన్నీ కలిసిన చిన్న దారిలో దాదాపు గంటసేపు చుట్లు కొడతారు. తొక్కలేని చోట దిగి, సైకిల్‌ని భుజానికెత్తుకుని పరుగెత్తుతారు. ఈ పందేల్లో డిస్కు బ్రేకులకు అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య, అంటే యూసీఐ, 2010లో అనుమతి ఇచ్చింది. అనుమతి వచ్చినా పేరున్న రైడర్లు వెంటనే మారలేదు. డిస్కులు బరువెక్కువ. పైగా దాచుకున్న చక్రాల జతలన్నీ పనికిరాకుండా పోతాయి.

ఇవాళ కొత్త బండి కొంటే డిస్కులే వస్తాయి. సెకండ్‌హ్యాండ్‌లో చూసేవాళ్లకు మాత్రం మంచి ఫ్రేము, మంచి గేర్లు ఉన్న రిమ్ బ్రేకు బండి చాలా చవగ్గా దొరుకుతుంది. అమెరికాలోనో జర్మనీలోనో చదువుకుంటూ, ఉద్యోగం చేసుకుంటూ అలాంటిది కొనుక్కున్న మనవాళ్లు మొదటి వారంలోనే అడిగే మాట ఒకటే: "ఇది ఆగట్లేదేంటి?" ఆగుతుంది. ఈ బ్రేకుల మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం బిగింపు సరిగా లేక వచ్చేవే. అందుకే ఈ పేజీలో కొనడం గురించి కాస్త, బిగించడం గురించి చాలా ఉంటుంది.

మామూలు రోడ్ సైకిల్ కాలిపర్ బ్రేకే పెట్టుకోవచ్చు కదా?

కుదరదు. క్రాస్ పందెంలో టైరు 33 మి.మీ. దాకా ఉండొచ్చని యూసీఐ నియమం. ఆ టైరు మీద బురద అట్టగట్టిందంటే దాని వెడల్పు, ఎత్తు ఇంకా పెరుగుతాయి. రోడ్ కాలిపర్ టైరు నెత్తి మీదుగా వంగి కూర్చుంటుంది, దాని సందులో బురద ఇరుక్కుని చక్రం తిరగదు. పైగా క్రాస్ ఫ్రేములో ఫోర్కుకు, వెనక స్టేలకు (వెనక చక్రాన్ని పట్టి ఉంచే గొట్టాలకు) అటూ ఇటూ చిన్న బొడిపెలు ఉంటాయి. బ్రేకు చేతులు, అంటే రబ్బర్లను మోసే కడ్డీలు, రెండూ వాటి మీద తిరగాలి. కొనేది ఏదైనా ఈ బొడిపెల మీద కూర్చునేదే కావాలి.

అలా కూర్చునే వాటిలో రకాలేమిటి?

ముఖ్యంగా మూడు.

మొదటిది వెడల్పు కాంటిలివర్. చేతులు రెండూ రెక్కల్లా బయటికి చాచుకుని ఉంటాయి. పాత ఫ్రెంచి మాఫాక్ బ్రేకులు ఈ తీరువే. తర్వాత వచ్చిన ఎంపెల్లా ఫ్రాగ్‌లెగ్స్, పాల్ కంపెనీ నియో-రెట్రో, టీఆర్‌పీ యూరోఎక్స్, టెక్ట్రో సీఆర్720 అదే కుదురు. బురద జారిపోవడానికి బోలెడంత చోటు ఉంటుంది. బిగింపు కూడా సులువు, చిన్న చిన్న లోపాలను భరిస్తుంది. ఇబ్బంది ఒక్కటే: వెనక చక్రానికి పెడితే చిన్న ఫ్రేముల్లో మడమకో పిక్కకో తగులుతుంది, దిగి ఎక్కేటప్పుడు మరీ.

రెండోది సన్న కాంటిలివర్. చేతులు నిటారుగా, ఫోర్కుకు దగ్గరగా ఉంటాయి. షిమానో సీఎక్స్70, సీఎక్స్50, పాత ఆర్550, టీఆర్‌పీ రెవోఎక్స్ ఈ కోవలోవి. బాగా కుదిరితే వెడల్పు వాటికన్నా గట్టిగా పట్టగలవు. కానీ ఆ కుదరడంలోనే ఉంది తిరకాసంతా. రెండు చేతులనూ కలిపే అడ్డవైరు ఎత్తు కాస్త అటూ ఇటూ అయినా బలం పడిపోతుంది.

మూడోది మినీ-వీ. మన హైబ్రిడ్, మౌంటెన్ సైకిళ్ల మీద చూసే వీ-బ్రేకునే కురచ చేతులతో చేస్తే ఇది. మామూలు వీ-బ్రేకు చేయి 105 మి.మీ. చుట్టుపక్కల ఉంటే, వీటిది 80 నుంచి 90 మి.మీ. లోపు. పట్టు బాగా ఎక్కువ, బిగించడం తేలిక. అయితే వైరు టైరు నెత్తి మీదుగా, చాలా దగ్గరగా అడ్డంగా పోతుంది. రబ్బర్లు కూడా రిమ్ముకు దగ్గరగా ఉండాలి. గట్టి బురద ఉన్న రోజున ఇవి రెండూ ఇబ్బందే.

వీటిలో కొన్ని అటూ ఇటూ మారతాయి కూడా. ఎవిడ్ షార్టీ అల్టిమేట్‌ను వెడల్పుగానూ సన్నగానూ బిగించుకోవచ్చు.

సరే, నేను ఏది కొనాలి?

పందేలకు, బురదలోకి వెళ్తారా? ముందు వెడల్పు కాంటిలివర్, వెనక సన్నది. ఇది నేను కనిపెట్టిన కిటుకేమీ కాదు. పాల్ కంపెనీ నియో-రెట్రోను ముందుకు, టూరింగ్ మోడల్‌ను వెనక్కి సూచించేది ఇందుకే. ముందు బురదకు చోటు దొరుకుతుంది, వెనక మడమ తగలదు.

పందేల ఊసు లేకుండా ఆఫీసుకో, కాలేజీకో, వారాంతాల్లో మట్టి రోడ్ల మీదకో తిప్పుతారా? కళ్లు మూసుకుని మినీ-వీ పెట్టుకోండి. ట్రాఫిక్‌లో బస్సు వెనక ఆగాల్సి వచ్చినప్పుడు బురద ఖాళీ గురించి ఎవరూ ఆలోచించరు.

సైకిల్‌తో వచ్చిన బ్రేకులు ఉన్నాయా? ముందు కొత్త రబ్బర్లు, కొత్త వైరు వేసి, కింద చెప్పినట్టు ఒకసారి బిగించి చూడండి. అప్పటికీ నచ్చకపోతేనే డబ్బు తీయండి.

నా లీవర్లకు ఏ బ్రేకైనా పనిచేస్తుందా?

పనిచేయదు. లీవరు నొక్కినప్పుడు ఎంత వైరు లాగుతుందనేది లీవరును బట్టి మారుతుంది. వంపు హ్యాండిల్ మీది రోడ్ లీవర్లు తక్కువ లాగుతాయి, వీ-బ్రేకు కోసం చేసిన తిన్న హ్యాండిల్ లీవర్లు చాలా ఎక్కువ లాగుతాయి. మరోవైపు బ్రేకు చేయి ఎంత పొడుగుంటే దానికి అంత వైరు కావాలి. 85 మి.మీ. చేయి, 107 మి.మీ. చేయి కన్నా దాదాపు ఐదో వంతు తక్కువ వైరుతో సరిపెట్టుకుంటుంది. మినీ-వీ పుట్టింది ఈ లెక్కలోంచే.

రోడ్ లీవర్లలోనూ తేడాలున్నాయి. షిమానో సుమారు 2009 నుంచి, డ్యూరా-ఏస్ 7900 అనే సెట్టుతో మొదలుపెట్టి, వైరు ఎక్కువ లాగే తీరుకు మారింది. అందుకే టీఆర్‌పీ రెండు మినీ-వీలు చేసింది: 84 మి.మీ. చేతుల సీఎక్స్8.4 స్రామ్, కాంపాగ్నోలో కంపెనీల లీవర్లకు, 90 మి.మీ. చేతుల సీఎక్స్9 షిమానో లీవర్లకు. సీఎక్స్9ను తక్కువ లాగే లీవరుకు పెడితే లీవరు హ్యాండిల్‌కు తగిలేదాకా వచ్చేస్తుంది.

రోడ్ లీవరుతో నిండు పొడుగు వీ-బ్రేకు వాడొచ్చా అని కూడా అడుగుతుంటారు. నేరుగా వద్దు. రబ్బర్లను రిమ్ముకు వెంట్రుకవాసి దూరంలో పెడితే తప్ప పట్టదు. అవి కాస్త అరిగినా, రిమ్ము కాస్త వంగినా బ్రేకు అందదు, లేదా ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటుంది. మధ్యలో చిన్న కప్పీ పెట్టి లాగుడు పెంచే పరికరం దొరుకుతుంది, ట్రావెల్ ఏజెంట్ అని. పొడి నేల మీద పనిచేస్తుంది, బురదలో కప్పీ పూడుకుపోతుంది. వంపు హ్యాండిల్ కోసమే వీ-బ్రేకు లాగుడుతో చేసిన టెక్ట్రో ఆర్ఎల్520 లాంటి లీవర్లు ఉన్నాయి, కానీ వాటిలో గేర్లు వేసే మీట ఉండదు.

లీవరు రాయిలా గట్టిగా ఉంది. అయినా సైకిల్ ఆగట్లేదు. ఎందుకు?

గట్టిగా ఉంది కాబట్టే! దీన్ని ఒంటబట్టించుకుంటే కాంటిలివర్ గురించి సగం తెలిసినట్టే.

లీవరు వేళ్ల కింద గట్టిగా తగులుతోందంటే మీ వేళ్ల బలం పెద్దగా పెరగకుండానే రిమ్ము మీదికి పోతోందని అర్థం. కాస్త మెత్తగా, లోపలికి దిగుతూ ఉంటే బలం పెరుగుతోందని అర్థం. బరువైన చక్రాన్ని విప్పేటప్పుడు పొడుగు పానా వాడితే చేయి ఎక్కువ దూరం తిరగాలి, కానీ నట్టు వదులవుతుంది. పొట్టి పానా ఒక్క అంగుళం తిరిగి, గట్టిగా నిలబడిపోతుంది. షాపులో సైకిల్‌ని నిలబెట్టి లీవరు నొక్కి, "ఆహా, ఎంత గట్టిగా ఉందో" అని మెచ్చుకుని కొనేవాళ్లు అక్కడే పొరబడతారు.

ఇప్పుడు లెక్క. కాంటిలివర్‌లో లీవరు నుంచి వచ్చే ప్రధాన వైరు ఒక కొక్కేన్ని పైకి లాగుతుంది. ఆ కొక్కెం మీదుగా రెండు చేతులనూ కలిపే ఇంకో వైరు ఉంటుంది. దాన్ని ఇక్కడ అడ్డవైరు అందాం. అడ్డవైరు నేలకు ఎంత కోణంలో ఉందన్న దాని మీద అది చేతుల్ని ఎంత బలంగా లాగుతుందో ఆధారపడి ఉంటుంది. ప్రధాన వైరులో బలం 100 అనుకుంటే, అడ్డవైరు 60 డిగ్రీల వాలులో ఉన్నప్పుడు ఒక్కో చేతిని దాదాపు 58తో లాగుతుంది. 45 డిగ్రీలైతే 71. 30 డిగ్రీలైతే 100. 20 డిగ్రీలకు దించితే 146. కొక్కేన్ని ఎంత కిందికి దించితే అంత బలం.

మరి నేలకు సమానంగా దించేస్తే పోలా? పోదు. బలం పెరిగిన మేరకు చేతుల కదలిక తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీవరు మొత్తం లాగినా రబ్బరు కాస్తే కదులుతుంది, కాబట్టి రబ్బర్లను రిమ్ముకు బాగా దగ్గరగా పెట్టాలి. బురదలో, రిమ్ము బెండుగా ఉన్నప్పుడు అది కుదరదు. ఇంకో చిక్కు: చేతులు లోపలికి వంగుతున్న కొద్దీ కొక్కెం పైకి పోయి కోణం పెరుగుతుంది. కిందికి దించి బిగించిన బ్రేకులో ఈ మార్పు వేగంగా జరుగుతుంది. అంటే రబ్బర్లు అరుగుతున్న కొద్దీ మీకు తెలియకుండానే బ్రేకు మారిపోతూ ఉంటుంది.

అయితే కొక్కెం ఎంత ఎత్తులో ఉండాలి?

టైరు మీద బురదకు చోటు వదిలి, లీవరు పూర్తిగా నొక్కితే హ్యాండిల్‌కు వేలెడంత దూరంలో ఆగేలా, ఎంత కిందికి వస్తే అంత. టైరు నెత్తికీ అడ్డవైరుకూ మధ్య కనీసం రెండు వేళ్ల సందు నేను వదులుతాను.

పుస్తకాల్లో చెప్పే సూత్రం ఒకటుంది: అడ్డవైరు, బ్రేకు చేయి 90 డిగ్రీల్లో కలవాలి అని. వెడల్పు బ్రేకులకు ఇది బాగానే వర్తిస్తుంది. సన్న బ్రేకుల్లో చేతులే నిటారుగా ఉంటాయి. అక్కడ కొక్కెం ఎత్తులో ఉంటే వైరు దాదాపు చేతి వెంబడే పైకి లాగుతుంది, చేయి తిరగనే తిరగదు. కాబట్టి సన్న బ్రేకులకు కొక్కెం కిందికే ఉండాలి. కొక్కెం ఎత్తు బాగోలేక "సన్న బ్రేకులు దండగ" అని తీసేసినవాళ్లు చాలామందే ఉన్నారు.

షిమానో బ్రేకుల్లో కొక్కేనికి బదులు లంకె వైరు వస్తుంది. ఒకవైపు చిన్న గొట్టం, మధ్యలో బొత్తాం. దాని పొడవు మార్చలేం, వేర్వేరు పొడవుల్లో అమ్ముతారు. దాంతో వచ్చినది మీ ఫ్రేముకు పొడుగైపోతే పొట్టిది తెచ్చుకోండి, లేదా మామూలు అడ్డవైరు, కొక్కెం వేసేయండి.

ముందు బ్రేకు పట్టగానే ఫోర్కు మొత్తం దడదడలాడుతోంది. పగిలిపోతుందా?

పగలకపోవచ్చు కానీ భయం పుట్టిస్తుంది. ఇది కాంటిలివర్‌కు పాత జబ్బు, కారణం తెలిస్తే మందు తేలికే.

చాలా క్రాస్ సైకిళ్లలో ముందు బ్రేకు వైరు తొడుగు హ్యాండిల్ కింద, హెడ్‌సెట్ (ఫోర్కు తిరిగే బేరింగు) దగ్గర ఉన్న హ్యాంగర్ అనే చిన్న పట్టీలో ఆగిపోతుంది. అక్కడి నుంచి వట్టి వైరు బ్రేకు దాకా దిగుతుంది. బ్రేకు పట్టగానే ఫోర్కు కొంచెం వెనక్కి వంగుతుంది. వంగినప్పుడు హ్యాంగర్‌కూ బ్రేకుకూ మధ్య దూరం పెరుగుతుంది, అంటే వైరు ఇంకాస్త లాగినట్టే. బ్రేకు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, ఫోర్కు ఇంకా వంగుతుంది, రబ్బరు జారి ఒక్కసారి వదులుతుంది, ఫోర్కు ముందుకు కొట్టుకుంటుంది. మళ్లీ మొదలు. సెకనుకు ఎన్నోసార్లు ఇదే జరుగుతుంటే చేతులకు తగిలేదే ఆ దడదడ.

మందు: హ్యాంగర్‌ను ఫోర్కు నెత్తికే మార్చేయండి. ఫోర్కు కిరీటంలో రంధ్రం ఉంటే దానికి బిగించే హ్యాంగర్ చవగ్గా దొరుకుతుంది. దానివల్ల వట్టి వైరు బాగా కురచబడి, ఫోర్కు వంగినా దూరం పెద్దగా మారదు. ఇంకో దారి ముందు మాత్రం మినీ-వీ పెట్టడం. అందులో తొడుగు నేరుగా బ్రేకు చేతి దాకా పోతుంది, కాబట్టి ఈ గొడవే లేదు.

ఆ పనులకు ముందు హెడ్‌సెట్ వదులుగా ఉందేమో చూడండి. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ని ముందుకూ వెనక్కూ ఊపితే టకటక వినిపిస్తే అదే దొంగ. రబ్బర్లకు ముందువాలు లేకపోయినా దడ వస్తుంది. ముందువాలంటే ఏమిటో బిగింపు దగ్గర చెప్తాను.

మొదటి నుంచి బిగించే పద్ధతి చెప్పండి.

చక్రంతో మొదలుపెట్టండి. రిమ్ము బెండు తీయించకుండా బ్రేకు బిగించడం వృథా. చక్రం ఫోర్కులో తిన్నగా, మొదలంటా కూర్చుందో లేదో చూసి, అప్పుడు యాక్సిల్ బిగించండి. వంకరగా కూర్చున్న చక్రానికి సరిపడా బ్రేకు బిగించి, తర్వాత చక్రం సరిచేసి, "బ్రేకు ఒకపక్కకు పోయింది" అని తల పట్టుకునేవాళ్లను చూస్తూనే ఉంటాం.

బ్రేకు చేతులు విప్పి బొడిపెలు తుడవండి. ఎర్రమట్టి, తుప్పు ఉంటే గీకేయండి. పల్చగా గ్రీజు రాయండి. చేయి పెట్టి తిప్పితే ఊగకుండా, ఇరుక్కోకుండా తిరగాలి. ఎవరో ఇదివరకు బోల్టును అతిగా బిగించి ఉంటే బొడిపె అంచు ఉబ్బి చేయి పట్టేస్తుంది. ఆ అంచును ఎమెరీ పేపరుతో నెమ్మదిగా తగ్గించొచ్చు. బొడిపె పక్కన సాధారణంగా స్ప్రింగు కొన కోసం మూడు రంధ్రాలు ఉంటాయి. మధ్యదాంట్లో పెట్టండి, రెండు వైపులా ఒకే రంధ్రం. బోల్టు 5 నుంచి 7 న్యూటన్ మీటర్లు చాలు. టార్క్ పానా లేకపోతే పొట్టి అలెన్ కీతో మణికట్టు బలం దాకా, భుజం బలం వద్దు.

తర్వాత బ్రేకు రబ్బర్లు. వాటి కాడ నున్నగా ఉండే రకం, మర ఉండే రకం అని రెండున్నాయి. నున్న కాడ ఉన్నవాటిని ముందుకూ వెనక్కూ జరుపుకోవచ్చు, కాబట్టి చేతుల కోణం కూడా మీ చేతిలో ఉంటుంది. మర కాడ వాటికి వంపు వాషర్లు వస్తాయి. మందం, పల్చన వాషర్లను అటూ ఇటూ మార్చి దూరం కుదుర్చుకోవాలి. రబ్బరు మొత్తం రిమ్ము పక్కతలం మీద ఆనాలి, టైరుకు తగలకూడదు. టైరు అంచుకు కాస్త కిందగా, రిమ్ము పైభాగంలో పెట్టండి. కారణం ఉంది: కాంటిలివర్‌లో రబ్బరు అరిగే కొద్దీ లోపలికి, కిందికి దిగుతుంది. కిందే మొదలుపెడితే కొన్నాళ్లకు రిమ్ము కిందికి జారి పుల్లల్లో పడే ప్రమాదం ఉంది.

ముందువాలు ఇక్కడే. రబ్బరు ముందు కొన, అంటే సైకిల్ వెళ్లే వైపు కొన, వెనక కొన కన్నా ముందుగా రిమ్మును తాకాలి. తేడా ఒక మిల్లీమీటరు లోపే. రబ్బరు వెనక కొన కింద మడిచిన విజిటింగ్ కార్డు పెట్టి, లీవరు నొక్కి పట్టుకుని, ఆ స్థితిలో రబ్బరు నట్టు బిగించి, కార్డు తీసేయండి. ఇద్దరుంటే అయిదు నిమిషాల పని, ఒక్కరే అయితే లీవరును హ్యాండిల్‌కు రబ్బరు బ్యాండుతో కట్టేసుకోండి.

ఇప్పుడు వైర్లు. రోడ్ లీవరుకు రోడ్ రకం తల ఉన్న వైరే వేయాలి, మౌంటెన్ లీవరు వైరు తల డ్రమ్ములా ఉండి దీంట్లో కూర్చోదు. తొడుగు కోసిన కొసలు చదునుగా రుద్దండి. అడ్డవైరును రెండు చేతులకూ తగిలించి, కొక్కేన్ని పైన చెప్పిన ఎత్తులో ప్రధాన వైరుకు బిగించండి. వదులు తీసేశాక లీవరును పది పన్నెండుసార్లు గట్టిగా, నిజంగా గట్టిగా, నొక్కండి. కొత్త వైరు, తొడుగు సర్దుకుని కాస్త వదులవుతాయి. అప్పుడు మళ్లీ లాగి బిగించండి. ఇది చేయకపోతే మొదటి దిగుడులోనే సర్దుకుంటాయి.

చివర రెండు రబ్బర్లూ రిమ్ముకు సమాన దూరంలో ఉన్నాయో చూసి, చేతి పక్కన ఉండే చిన్న స్క్రూతో సరిచేయండి. చక్రం విప్పడానికి అడ్డవైరు ఒక కొస చేత్తో ఊడివచ్చేంత వదులు దొరుకుతుందా అని కూడా చూసుకోండి. పంక్చరైనప్పుడు పక్కన పానా ఉండదు.

ఒక రబ్బరే రిమ్ముకు రాసుకుంటోంది.

ఆ వైపు చేతి స్ప్రింగు బలహీనంగా ఉంది. చేతి మీది చిన్న స్క్రూను పావు చుట్టు బిగించి, లీవరు నొక్కి వదిలి చూడండి. స్క్రూ చివరిదాకా పోయినా తీరకపోతే బొడిపె మీద చేయి పట్టేస్తోంది. విప్పి తుడవండి.

కీచుమంటోంది. ఏం చేయాలి?

వరసగా చూడండి: రిమ్ము మీద నూనె మరక ఉందా, రబ్బరు నున్నబడి మెరుస్తోందా, ముందువాలు పోయిందా, బొడిపె మీద చేయి ఊగుతోందా. మొదటి మూడింటికీ స్పిరిటుతో రిమ్ము తుడిచి, గరుకు కాగితంతో రబ్బరు రుద్ది, ముందువాలు మళ్లీ పెడితే చాలు. నాలుగోదానికి బ్రేకులే మార్చాల్సి వస్తుంది. వానలో మాత్రమే కీచుమంటే పట్టించుకోకండి, పక్కవాళ్లు తప్పుకుంటారు.

బ్రేకు రబ్బర్లు ఏవి మంచివి? వానలో ఆగాలంటే?

తడి రిమ్ము మీద మొదటి ఒకటి రెండు చుట్లు రబ్బరు నీళ్లు తుడవడంతోనే సరిపోతుంది, పట్టు ఆ తర్వాతే. కాబట్టి వానలో ఏ రబ్బరైనా ముందుగా నొక్కాలి. మంచి రబ్బరు ఆ ఆలస్యాన్ని తగ్గిస్తుంది. తడికి కూల్‌స్టాప్ వాళ్ల సాల్మన్ రంగు రబ్బరు ఎన్నో ఏళ్లుగా నిలబడ్డ మాట. స్విస్‌స్టాప్ ఆకుపచ్చ రబ్బరు కూడా అల్యూమినియం రిమ్ముల మీద బాగా పనిచేస్తుంది. పెట్టెతో వచ్చే పేరులేని నల్ల రబ్బరు తీసి వీటిలో ఒకటి వేస్తే వచ్చే తేడా, కొత్త బ్రేకులు కొంటే వచ్చే తేడా కన్నా చాలాసార్లు ఎక్కువ. లోపలి రబ్బరు మాత్రమే మార్చుకునే కార్ట్రిడ్జ్ రకం తీసుకుంటే, బిగింపు కదలకుండా రబ్బరు మాత్రం మార్చుకోవచ్చు.

కార్బన్ రిమ్ములకు కార్బన్ రబ్బర్లే. అల్యూమినియం రిమ్ము మీద వాడిన రబ్బర్లను ఎప్పుడూ కార్బన్ రిమ్ము మీదికి తేకండి. వాటిలో దిగబడ్డ అల్యూమినియం పొడి కార్బన్‌ను గీకేస్తుంది. అల్యూమినియం రిమ్ముకు వాడే రబ్బర్లలోనూ ఆ మెరుపు ముక్కలు కనిపిస్తే సూది మొనతో పీకేయండి, రిమ్మును తినేసేవి అవే.

హైదరాబాద్, విజయవాడ లాంటి ఊళ్లలో ఉంటే ఒక చిన్న ఊరట: మర కాడ ఉన్న కాంటిలివర్లకు మామూలు వీ-బ్రేకు రబ్బర్లే సరిపోతాయి, హైబ్రిడ్ సైకిళ్లు అమ్మే షాపులో దొరుకుతాయి. నున్న కాడ రకం దొరకడం కష్టం, బయటినుంచి తెప్పించుకోవాల్సిందే.

వెనక బ్రేకు స్పాంజిలా మెత్తగా ఉంది. ఇందాక మెత్తన మంచిదన్నారు?

బలం పెరిగినందువల్ల వచ్చే మెత్తన వేరు, తొడుగు నలుగుతున్నందువల్ల వచ్చే మెత్తన వేరు. ఇలా తేల్చుకోండి: లీవరు నొక్కి పట్టుకుని వైరు దారంతా చూడండి. రబ్బర్లు రిమ్మును తాకాక కూడా లీవరు దిగుతూ, ఎక్కడో తొడుగు వంపు కదులుతుంటే మీ బలం అక్కడ పోతోంది. పొడుగు తొడుగు, ఇరుకైన వంపులు, చిట్లిన కొసలు ఇందుకు కారణం.

క్రాస్ ఫ్రేముల్లో వెనక బ్రేకు వైరు పై గొట్టం మీదుగానో పక్కనుంచో పోతుంది, కింద ఉండదు. సైకిల్‌ని భుజాన వేసుకున్నప్పుడు వైరు భుజానికి కోసుకోకూడదు, బురద తగలకూడదు అని. ఆ దారిలో సీటు గొట్టం దగ్గర వైరు కిందికి మళ్లే చోటే ఎక్కువ బలం పోతుంది. అక్కడి వంపు వీలైనంత పెద్దగా, నునుపుగా ఉండాలి. హ్యాండిల్ మీద అదనపు లీవర్లు ఉంటే అవి తొడుగును ఇంకో చోట తెంచుతాయి, వాడకపోతే పీకేయండి.

ముందు బ్రేకు ఏ చేతికి పెట్టుకోవాలి?

అమెరికాలో, యూరప్‌లో ఎక్కువచోట్ల ఎడమ లీవరు ముందు బ్రేకు. మన దేశంలో, బ్రిటన్‌లో కుడి లీవరు ముందు బ్రేకు. క్రాస్‌కు మన పద్ధతే నయం. అడ్డంకి ముందు దిగేటప్పుడు రైడర్ ఎడమవైపుకు దిగుతాడు, కుడి చేయి హ్యాండిల్ వదిలి ఫ్రేమును పట్టుకుంటుంది. ఆ క్షణంలో హ్యాండిల్ మీద మిగిలేది ఎడమ చేయి ఒక్కటే. అది ముందు బ్రేకును పట్టిందంటే మనిషి ముందుకు పల్టీ కొట్టొచ్చు, వెనక బ్రేకైతే వేగం నెమ్మదిగా తగ్గుతుంది. అమెరికాలో క్రాస్ రైడర్లు చాలామంది కావాలనే వైర్లు మార్చుకుంటారు. అయితే ఇంట్లో ఇంకో సైకిల్ ఉంటే రెండింటికీ ఒకే పద్ధతి పెట్టుకోండి. కంగారులో చేయి అలవాటునే నమ్ముతుంది.

అడ్డవైరు టైరు మీద పడి చక్రం పట్టేస్తుందంటారు, నిజమేనా?

నిజం. ముందు బ్రేకు ప్రధాన వైరు తెగినా, కొక్కెం జారినా అడ్డవైరు టైరు మీద పడి, బుడిపెల టైరు దాన్ని లాక్కుని చక్రం పట్టేయొచ్చు. మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరిపడతాడు. మడ్‌గార్డు ఉంటే భయం లేదు. రిఫ్లెక్టర్ బిగించే రేకు ముక్క ఒకటి ఫోర్కు నెత్తిన ఉన్నా అడ్డవైరును ఆపుతుంది. పందెం బండికి ఇవేవీ ఉండవు, కాబట్టి లీవరు లోపల వైరు తల దగ్గర పోగులు తెగుతున్నాయా అని అప్పుడప్పుడూ చూడాలి. తెగడం మొదలయ్యేది సాధారణంగా అక్కడే. సీజన్‌కొక వైరు మార్చడం పెద్ద ఖర్చేమీ కాదు.

రిమ్ము ఎంత అరిగాక మార్చాలి?

రిమ్ము బ్రేకులో రిమ్మే సగం బ్రేకు. బెల్జియం కోక్సైడ్ ఇసుకదిబ్బల మీద తిప్పినా, మన సముద్రతీరపు ఇసుకలో తిప్పినా, తడి ఇసుక రబ్బరుకూ రిమ్ముకూ మధ్య చేరి గరుకు కాగితంలా పనిచేస్తుంది. చాలా రిమ్ముల పక్కతలం మీద సన్న గాడి గానీ చుక్క గుంట గానీ ఉంటుంది. అది కనిపించకుండా పోతే రిమ్ము అయిపోయినట్టు. గుర్తు లేని రిమ్ము మీద స్కేలు నిలువుగా ఆనించి చూడండి, పక్కతలం లోపలికి గుంటపడి వెలుతురు కనిపిస్తే జాగ్రత్త. పల్చబడిన రిమ్ము టైరులోని గాలి ఒత్తిడికి అంచు తెగి విచ్చుకుంటుంది. అది ముందు చక్రమైతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

రెండు జతల చక్రాలు మార్చి మార్చి వాడతాను. బ్రేకు ప్రతిసారీ తేడాగా ఉంటోంది.

రెండు రిమ్ముల వెడల్పు వేరై ఉంటుంది. పాత రిమ్ములు 20 మి.మీ. దగ్గర, కొత్తవి 25 మి.మీ. దాకా ఉంటాయి. అంత తేడా వస్తే అడ్డవైరు కోణం మారి బ్రేకే మారిపోతుంది. ఒకే వెడల్పు రిమ్ములు వాడండి. కుదరకపోతే వెడల్పు రిమ్ముకు బిగించి, సన్నదాన్ని పొడి రోజులకు ఉంచుకోండి.

ఈ ఫ్రేముకే డిస్కు బ్రేకు పెట్టించుకోవచ్చా?

ముందు మాత్రం, డిస్కు ఫోర్కు, డిస్కు హబ్ ఉన్న చక్రం కొంటే కుదురుతుంది. వెనక ఫ్రేములో కాలిపర్ బిగించే చోటే లేకపోతే కుదరదు, అతికించి పెట్టే బ్రాకెట్లను నమ్మకండి. ముందు డిస్కు, వెనక కాంటిలివర్‌తో తిరిగే సైకిళ్లు ఉన్నాయి, చూడ్డానికి వింతగా ఉన్నా బాగానే ఆగుతాయి.